సైన్స్ ఫిక్షన్ టీవీ ప్రదర్శనకి వెళ్లొచ్చాం: ఒకడు వీరాభిమాని, ఒకడు ఒక్క ఎపిసోడూ చూడనివాడు

నీలిపెట్టె · సోమవారం, ఉదయం 7:10

శనివారం తెల్లారగట్ల బయల్దేరి నిన్న రాత్రికి ఇల్లు చేరాం, నేనూ మా రంగులకుంచె గాడూ. పాత సైన్స్ ఫిక్షన్ టీవీ సీరియళ్ల ప్రదర్శన అది. ఊళ్లు తిరుగుతుంది కాబట్టి మీలో ఎవరికైనా దగ్గర్లోకి వస్తే పనికొస్తుందని వివరంగా రాస్తున్నా. వాడు కూడా ఇక్కడ సభ్యుడే. నేను ఎక్కువ చేసి రాస్తే వచ్చి మొట్టికాయ వేస్తాడు.

వాడు వీటిలో ఒక్క ఎపిసోడూ చూడలేదు. నాటకాలకి సెట్లు వేస్తాడు. వారాంతం ఖాళీగా ఉన్నాడు కదా, దారిలో కబుర్లకి తోడుంటాడని లాక్కెళ్లా. తీరా చూస్తే నాకంటే వాడే ఎక్కువసేపు చూశాడు. నేను ప్రతి అద్దం ముందూ “ఇది ఫలానా కథలోది” అని చెప్పబోవడం, వాడు “ఆగరా, అతుకు ఎక్కడ వేశాడో చూడనీ” అనడం. రెండ్రోజులూ ఇదే గోల.

లోపలికి వెళ్లగానే డాక్టర్ హూ పోలీస్ పెట్టె. తెలియనివాళ్లకి: అది బీబీసీ సీరియల్, అందులో హీరో కాలంలోనూ అంతరిక్షంలోనూ తిరిగే నౌక బయటికి నీలిరంగు పోలీస్ పెట్టెలా కనిపిస్తుంది. నా పేరు దాని మీదిదే కాబట్టి కాసేపు భరించండి. ఈ సీరియల్ 1963 నవంబర్ 23న మొదలైంది. అప్పటికి బ్రిటన్ వీధుల్లో ఇలాంటి పెట్టెలు నిజంగానే ఉండేవి. లండన్ పోలీసుల కోసం గిల్బర్ట్ మెకెంజీ ట్రెంచ్ అనే ఆర్కిటెక్ట్ 1929లో చేసిన డిజైన్. పోలీసుని పిలవాలంటే జనం బయటి చిన్న తలుపు తీసి ఫోన్ చేసేవాళ్లు. అసలువి కాంక్రీటువి, తలుపు మాత్రమే టేకు. టీవీ వాళ్లది మొదట్లో మొత్తం చెక్క. కథలో ఈ నౌక ఎక్కడ దిగితే అక్కడికి తగ్గట్టు రూపం మార్చుకోవాలి, కానీ అది చెడిపోయి ఇలాగే ఉండిపోయింది. వారం వారం కొత్త రూపం కట్టే ఖర్చు ఆ ఒక్క వాక్యంతో తప్పింది. ఇంత తెలివైన పిసినారితనం నేనెక్కడా చూడలేదు.

నేను దాని ముందు ఫొటోలు దిగుతుంటే మావాడు వెనక్కి వెళ్లి చూసొచ్చి, “పలకలు విడదీసి లారీ ఎక్కించుకునేలా చేశాడు, మంచి పనివాడు” అన్నాడు. అరవై ఏళ్ల అభిమాన సాహిత్యంలో ఈ ముక్క ఎవడూ నాకు చెప్పలేదు.

మిగతావి సాయంత్రం రాస్తా. ఆఫీసుకి టైమైంది.

సందేహాలరాయుడు · సోమవారం, ఉదయం 8:02

మొదటి సందేహం. అక్కడ పెట్టినవి అసలు వస్తువులా, నకళ్లా? మొన్నోసారి ఇలాంటి ప్రదర్శనకే వెళ్తే సగానికి పైగా తర్వాత తయారుచేసినవే. లైన్లో నిలబడింది దీనికా అనిపించింది.

పాతటీవీ · సోమవారం, ఉదయం 8:40

రాయుడుగారు లేచారు, ఇక చర్చ మొదలైనట్టే :)

లేబుల్ చదవండి సార్. షూటింగులో వాడినది అయితే ఆ మాట పెద్ద అక్షరాలతో ఉంటుంది. లేకపోతే ఏ సంవత్సరంలో, ఎవరి కోసం చేశారో చిన్న అక్షరాలతో ఉంటుంది. రెండూ లేకపోతే నకలు కిందే లెక్క. అయినా నకలు చూడటంలో తప్పేముంది? లోపలికి వెళ్లి కూర్చోనిచ్చేది, బటన్లు నొక్కనిచ్చేది నకలే కదా. అసలుదాన్ని ముట్టుకోనివ్వరు.

వార్ప్‌తొమ్మిది · సోమవారం, ఉదయం 9:15

నకళ్ల సంగతి పక్కన పెట్టండి. అసలుది చూడాలంటే వాషింగ్టన్ వెళ్లాలి. స్మిత్సోనియన్ వాళ్ల ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియంలో అమెరికా వాళ్ల స్టార్ ట్రెక్ మొదటి సీరియల్లోని అంతరిక్ష నౌక ఎంటర్‌ప్రైజ్ నమూనా ఉంది. 11 అడుగులది. 1974లో వాళ్లకి ఇచ్చేశారు. 2016లో బాగుచేసి మళ్లీ పెట్టారు. నేను దాని చుట్టూ తిరిగి చూశాను. ఎడమవైపుకి వెళ్తే మతిపోతుంది.

సందేహాలరాయుడు · సోమవారం, ఉదయం 9:18

ఎడమవైపు ఏముంది?

వార్ప్‌తొమ్మిది · సోమవారం, ఉదయం 9:31

ఏమీ లేదు! అదే సంగతి. లోపలి దీపాలకి కరెంటు వైర్లు ఆ పక్కనుంచే బయటికి తీసుకొచ్చారు. అందుకని ఆ వైపు పని పూర్తి చెయ్యలేదు. సీరియల్ అంతా కుడివైపు నుంచే తీశారు. నౌక అటువైపు వెళ్తున్నట్టు కావాలంటే అంకెలూ అక్షరాలూ తిరగేసి అతికించి, తీసిన ఫిల్ముని అద్దంలోలాగా తిప్పేసేవాళ్లు. 79 ఎపిసోడ్లు చూసిన నాకు ఒక్కసారీ అనుమానం రాలేదు.

రంగులకుంచె · సోమవారం, మధ్యాహ్నం 1:05

నా గురించి ఏమేమి రాశాడో చూద్దామని వచ్చా. పర్లేదు, ఇంతవరకూ నిజమే రాశాడు.

వార్ప్ అన్నా, నువ్వు చెప్పిన ఎడమవైపు సంగతి వింటే ఆ చేసినవాళ్లని కలవాలనిపిస్తోంది. మా దగ్గరా అంతే. ప్రేక్షకుడికి కనపడని వైపు రంగు వేస్తే మా మేస్త్రీ తిట్టేవాడు. రంగు దండగ అని కాదు, ఆ టైములో కనపడే వైపు ఇంకో పూత వెయ్యొచ్చని.

నేను చూసినవాటిలో నాకు నచ్చింది డాలెక్, డాక్టర్ హూలో విలన్ యంత్రం. అవేంటో నాకు ముందు తెలియదు. సగానికి కోసినట్టు తెరిచి పెట్టారు. లోపల ఒక చిన్న చెక్క బల్ల, కింద చక్రాలు, అంతే. మనిషి బల్ల మీద కూర్చుని కాళ్లతో నేలని తన్నుకుంటూ నడిపిస్తాడు. ఒక చేతిలో తుపాకీ గొట్టం, ఇంకో చేతిలో ముందుకి పొడుచుకొచ్చిన కర్ర. ఆ కర్ర చివర ఉన్నది సింకు మూసుకుపోతే వాడే రబ్బరు పంపు! ప్రపంచాన్ని నాశనం చేసే యంత్రానికి సింకు పంపు పెట్టాలని ఎవరికి తోచిందో కానీ దణ్ణం పెట్టాలి.

ఒంటినిండా ఉండే ఆ అరగోళాలు 56. వాటిని ఒకే దూరంలో, ఒకే వరసలో బిగించాలంటే ఎంత కష్టమో చేసేవాడికి తెలుస్తుంది. నేను మోకాళ్ల మీద కూర్చుని కింది వరస చూశాను. ఒకటి కాస్త పక్కకి జరిగి ఉంది. దాని అంచు చుట్టూ రంగు పగిలి కింద ఇంకో రంగు కనిపిస్తోంది, దాని కిందా మరొకటి. కథ మారినప్పుడల్లా పాత రంగు గీకకుండా పైనే కొత్తది వేసుకుంటూ పోయినట్టున్నారు.

నీలిపెట్టె · సోమవారం, సాయంత్రం 6:50

వీడు మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు కాపలా ఆయన వచ్చి “ఏమైనా పడిపోయిందా” అని అడిగాడు. అది రాయలేదు చూడండి.

“ఎవరికి తోచిందో” అన్నాడు కాబట్టి చెప్తున్నా. డాలెక్ కథ రాసింది టెర్రీ నేషన్. రూపం ఇచ్చింది రేమండ్ కుసిక్, బీబీసీలో డిజైనర్. 1963 డిసెంబర్‌లో అవి తెర మీదికి వచ్చాయి, ఏడాది తిరిగేసరికి బ్రిటన్‌లో పిల్లలందరికీ డాలెక్ పిచ్చి. బొమ్మలు, కామిక్సు, ఆటవస్తువులు. రచయితకి హక్కులు ఉన్నాయి, డబ్బు వచ్చింది. కుసిక్ నెలజీతం ఉద్యోగి. బొమ్మల మీద వాటా లేదు, ఏదో చిన్న మొత్తం చేతిలో పెట్టారు. ప్రదర్శనలో ఆయన గీసిన స్కెచ్ నకలు ఉంది. దాని ముందు ఎవరూ ఆగలేదు. పక్కనున్న డాలెక్ దగ్గర మాత్రం సెల్ఫీల వరస.

ఇంకో తమాషా. సీరియల్ మొదలుపెట్టిన సిడ్నీ న్యూమన్‌కి గుడ్లురిమే రాక్షసులు ఉండకూడదని పట్టుదల. నిర్మాత వెరిటీ లాంబర్ట్ డాలెక్‌లకి పచ్చజెండా ఊపింది. ఆవిడే లేకపోతే ఈ సీరియల్ ఆ చలికాలం దాటేదా అని నా అనుమానం. మొదటి కథకి దర్శకుడు వారిస్ హుస్సేన్, లక్నోలో పుట్టినాయన.

డెసిబెల్ · సోమవారం, సాయంత్రం 7:22

ధ్వని గది ఉందా? ఉంటే దాని గురించి ఒక్క ముక్క కూడా రాయలేదేం? ఈ సీరియళ్లలో సగం పని చెవులదే.

నీలిపెట్టె · సోమవారం, సాయంత్రం 7:40

ఉంది అన్నా. కానీ పక్క గదిలో పేలుళ్లు, అవతలి గదిలో సంగీతం, అన్నీ కలిసి ఒకటే రొద. హెడ్‌ఫోన్లు పెట్టారు కానీ ఒకటి పనిచేస్తే రెండు చెయ్యడం లేదు. ప్రదర్శన మొత్తంలో నాకు చిరాకేసింది అక్కడే.

డెసిబెల్ · సోమవారం, రాత్రి 8:15

అన్యాయం. అయితే వెళ్లేవాళ్లు ముందే తెలుసుకుని వెళ్లండి, అక్కడ వినపడకపోయినా కనీసం చూసేదేంటో తెలుస్తుంది.

డాక్టర్ హూ టైటిల్ సంగీతం రాగం రాన్ గ్రైనర్‌ది. కానీ ఆ శబ్దం చేసింది బీబీసీ వాళ్ల శబ్దాల విభాగం రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌లో డీలియా డెర్బీషైర్. అప్పటికి సింథసైజర్లు చేతికందలేదు. ఒక్కో స్వరాన్నీ విడిగా తయారుచేసి, టేపు మీదికి ఎక్కించి, కావలసిన వేగానికి మార్చి, బ్లేడుతో కోసి, ముక్క పక్కన ముక్క అతికించారు. స్వరం ఎంతసేపు మోగాలో టేపు ముక్క అంత పొడవు. ఇలా వేర్వేరు టేపులు తయారుచేసి ఒకేసారి నడిపి కలిపారు. రెండున్నర నిమిషాలు కూడా లేని సంగీతానికి ఎన్ని అతుకులో ఊహించుకోండి. కుంచె తమ్ముడు ఈ గదిలో కూర్చోవాల్సింది.

గ్రైనర్ ఆవిడ పేరు కూడా వెయ్యమన్నాడు. సంస్థ పద్ధతి ఒప్పుకోలేదు, వర్క్‌షాప్ పేరే పడింది. ఆవిడ పేరు తెర మీద కనిపించింది 2013లో, యాభయ్యేళ్ల ప్రత్యేక ఎపిసోడ్‌లో. అప్పటికి ఆవిడ లేదు, 2001లోనే పోయింది.

నౌక బయల్దేరేటప్పుడు గొంతు రాసుకున్నట్టు వచ్చే ఆ శబ్దం బ్రయన్ హాడ్జ్‌సన్ చేశాడు. పాత పియానో లోపలి మందపు తీగల మీద ఇంటి తాళంచెవితో గీశాడు. దాన్ని టేపు మీద తిరగేసి, ప్రతిధ్వని కలిపి అలా చేశాడు.

డాలెక్ గొంతు రింగ్ మాడ్యులేటర్‌ది. నటుడు మైకులో మాట్లాడతాడు, ఆ గొంతుని 30 హెర్ట్జ్ తరంగంతో గుణిస్తారు. అందుకే అక్షరం అక్షరం గరగరమంటుంది. లోపల కూర్చున్నవాడు వేరు, మాట్లాడేవాడు వేరు. లోపలివాడు సంభాషణ మొత్తం కంఠతా పట్టి, మాటకి తగ్గట్టు తల మీది దీపాలు వెలిగిస్తూ ఉండాలి.

రంగులకుంచె · సోమవారం, రాత్రి 8:31

అదన్నమాట ఆ బల్ల పక్కన స్విచ్చు! దేనికా అనుకున్నా. లేబుల్లో రాయలేదు.

ఆదివారంఅమ్మ · సోమవారం, రాత్రి 9:04

అందరికీ నమస్కారం. మా పాపకి ఏడేళ్లు, బాబుకి పదకొండు. తీసుకెళ్లొచ్చా? పాప చీకటికి భయపడుతుంది. బాబు వీటిలో కొత్తవే చూశాడు, నలుపు తెలుపు అంటే పెదవి విరుస్తాడు.

నీలిపెట్టె · సోమవారం, రాత్రి 9:20

తీసుకెళ్లండి అమ్మా. బాబుకి సమస్యే లేదు, కొత్త సీరియళ్ల గది ఉంది. పాప విషయంలో మాత్రం సైబర్‌మెన్ (డాక్టర్ హూలో సగం మనిషి, సగం యంత్రం అయిన విలన్లు) ఉన్న మూల తప్పించండి. కొత్తవి మెరుస్తూ బొమ్మల్లా ఉన్నాయి, అవి ఫర్వాలేదు. 1966 నాటివే ఇబ్బంది. ముఖానికి గుడ్డ, కళ్లకి గుండ్రటి చిల్లులు, చేతులు మాత్రం మామూలు మనిషి చేతులు. చవగ్గా చేశారు, దానివల్లే ఎక్కువ భయం వేస్తుంది. నాకే ఒళ్లు జలదరించింది.

హాలు మొత్తం చీకటే. నా ఫొటోలు సగం మసకగా వచ్చాయి. ఫ్లాష్ వాడనివ్వరు. ఇంత డబ్బు పెట్టి రెండు బల్బులు ఎక్కువ వెయ్యలేకపోయారా అనిపించింది.

అద్దాలబీరువా · సోమవారం, రాత్రి 10:11

బల్బుల మాట వినగానే లాగిన్ అయ్యాను. నేను మ్యూజియంలో వస్తువుల సంరక్షణ పని చేస్తాను (ఈ ప్రదర్శనకి కాదు).

చీకటి కావాలనే పెడతారండీ. రంగు బట్టలకి, కాగితానికి మేం పెట్టుకునే హద్దు సుమారు 50 లక్స్ (వెలుతురు కొలత). మీ ఆఫీసు బల్ల మీద దానికి ఎన్నో రెట్లు వెలుతురు ఉంటుంది. వెలుతురు వల్ల పోయిన రంగుని మళ్లీ తెచ్చుకోలేం. ఒకేసారి పోదు, రోజూ కొంచెం కొంచెం పోతుంది, అందుకే చూసేవాళ్లకి తెలియదు.

టీవీ వస్తువులతో మాకు వచ్చే తలనొప్పి ఇంకోటి ఉంది. అవి నిలవడానికి చేసినవి కావు. ముఖాల మాస్కులు ఫోమ్ లేటెక్స్. కవచాల లోపలి మెత్తలు పాలియురిథేన్ ఫోమ్. కొన్ని దశాబ్దాలకి ఆ ఫోమ్ పొడిపొడిగా రాలిపోతుంది, లేటెక్స్ గట్టిపడి పగులుతుంది, పీవీసీ జిగురుజిగురుగా చెమట పట్టినట్టు అవుతుంది. వెయ్యేళ్ల రాగి విగ్రహాన్ని కాపాడటం ఇంతకంటే సులువు. షూటింగు అయ్యేదాకా ఉంటే చాలనుకున్న వస్తువుని అరవయ్యేళ్లు నిలబెట్టమని మాకు ఇస్తారు.

మాస్కుల లోపల తెల్లటి దన్ను ఏదైనా కనపడితే గమనించండి. ఆకారం కుంగిపోకుండా మాలాంటివాళ్లు పెట్టింది అది.

సందేహాలరాయుడు · మంగళవారం, ఉదయం 6:55

మంచి విషయం చెప్పారు మేడమ్ (లేక సార్?). నా రెండో సందేహం. దగ్గరికి వెళ్లి చూస్తే ఇవన్నీ నాసిగా ఉంటాయని అందరూ అంటున్నారు. ప్లైవుడ్, సింకు పంపు, గుడ్డ ముఖం. అలాంటప్పుడు చూడటం వల్ల ఉన్న మోజు కూడా పోదా? టీవీలో చూసినప్పటి అనుభూతి అలాగే ఉండనివ్వొచ్చు కదా?

రంగులకుంచె · మంగళవారం, ఉదయం 7:48

రాయుడుగారూ, మీరు అడిగింది మంచి ప్రశ్న. దారంతా మేమిద్దరం వాదించుకున్నది దీని మీదే. మావాడు మొదటిరోజు కాస్త డీలా పడ్డాడు. వాడికి చిన్నప్పటినుంచీ ఇష్టమైన, ఆ పోలీస్ పెట్టె నౌకని లోపలినుంచి నడిపే నియంత్రణ బల్ల దగ్గర నిలబడి, “ఇది ఇంతేనా” అన్నాడు. బటన్ల చుట్టూ కుంచె జాడలు కనిపిస్తున్నాయి మరి.

నేను వాణ్ని వెనక్కి లాగాను. గది అవతలి గోడ దాకా. ఫోన్లో ఆ సీరియల్ ఫొటో ఒకటి తీయమని, అందులో బల్ల ఎంత కనిపిస్తోందో ఇక్కడా అంతే కనిపించేలా నిలబడమన్నాను. కాస్త కళ్లు చికిలించి చూడమన్నాను. అప్పుడు వాడి ముఖం చూడాల్సింది.

మ్యూజియం వాళ్లు మనల్ని ముక్కు తగిలేంత దగ్గర నిలబెడుతున్నారు. అది చేసినవాడు అక్కడినుంచి చూసేవాడి కోసం చెయ్యలేదు. కెమెరా కోసం చేశాడు. స్టేజీ మీద మా రాజమహల్ కూడా మూడో వరసనుంచి రాజమహల్, స్టేజీ ఎక్కితే గోనెసంచి. దాన్ని మోసం అనం కదా. పని అంటాం.

పాతటీవీ · మంగళవారం, ఉదయం 8:30

కుంచె బాబు చెప్పినదానికి లెక్క నేనిస్తాను. 1963లో బ్రిటన్ టీవీ బొమ్మ 405 గీతలది. అందులోనూ చిత్రానికి మిగిలేవి 377. ఇప్పటి హెచ్‌డీలో 1080. కుంచె జాడ కాదు కదా, మేకు తల కూడా ఆ తెర మీద కనిపించదు. కనిపించని దానికి పాలిష్ పట్టడం వాళ్లకి అనవసరం.

రంగులు కూడా అంతే. నలుపు తెలుపు రోజుల్లో ఆ నియంత్రణ బల్లకి వేసింది లేత ఆకుపచ్చ. తెలుపు వేస్తే స్టూడియో దీపాలకి కెమెరాలో మెరిసిపోతుంది. ఆకుపచ్చ వేస్తే తెర మీద చక్కటి తెలుపు.

వార్ప్‌తొమ్మిది · మంగళవారం, ఉదయం 9:10

మావైపు దీనికి తలకిందులు సంగతి ఒకటుంది. స్టార్ ట్రెక్ కెప్టెన్ చొక్కా బంగారు రంగు అని అందరం అనుకుంటాం. బట్ట నిజానికి ఆకుపచ్చ. స్టూడియో దీపాల కింద ఆ ఫిల్ము మీద పసుపు బంగారంలా పడింది. తర్వాత కథల్లో పాత్రలే దాన్ని బంగారు రంగు అనడం మొదలుపెట్టాయి.

ఇంకా ఉన్నాయి. ఆ తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయే, వెనక ఒకడు తాడు పట్టుకుని లాగేవాడు. టైమింగ్ తప్పితే నటుడు తలుపుకి గుద్దుకోవడమే. మనుషులు మాయమై ఇంకోచోట తేలే ట్రాన్స్‌పోర్టర్ పుట్టిందే నౌకని ప్రతి గ్రహం మీదా దింపే డబ్బు లేక. ఆ మిలమిలలు అల్యూమినియం పొడి, దీపం వెలుగులో పైనుంచి రాల్చి తీశారు. నౌకలోని వైద్యుడి చేతిలో ఉండే పరికరాలు కొన్ని ఉప్పు డబ్బాలు! ఒక కథకోసం కొత్త డిజైన్లవి కొనుక్కొచ్చారు, మరీ వింతగా ఉన్నాయి, ఉప్పు డబ్బాలని జనం పోల్చుకోలేరని పక్కన పెట్టారు. పారెయ్యకుండా ఆ వైద్యుడి చేతికిచ్చారు.

సందేహాలరాయుడు · మంగళవారం, ఉదయం 9:26

మడత ఫోన్ కూడా అందులోంచే పుట్టిందంటారు. సెల్‌ఫోన్ కనిపెట్టిన మార్టిన్ కూపర్ స్టార్ ట్రెక్‌లో మూత తెరిచి మాట్లాడే కమ్యూనికేటర్ చూసే చేశాడని ఎక్కడ చూసినా అదే.

వార్ప్‌తొమ్మిది · మంగళవారం, ఉదయం 9:44

ఆ కథ నాకూ ఇష్టమే, కానీ గట్టిగా పట్టుకోకండి. తనకి ప్రేరణ డిక్ ట్రేసీ కామిక్సులోని చేతిగడియారం రేడియో అని కూపరే తర్వాత చెప్పాడు. 1973లో ఆయన మొదటి కాల్ చేసిన ఫోన్ ఇటుకంత ఉండేది, మడత లేదు.

నిజంగా జరిగిందాన్ని మాత్రం ఎవరూ చెప్పుకోరు. స్టార్ ట్రెక్ మొదటి సీరియల్లో ఊహూరా అనే అధికారి వేషం వేసిన నిషెల్ నికొల్స్‌ని 1977లో నాసా పిలిచి, ఆడవాళ్లనీ నల్లజాతివాళ్లనీ వ్యోమగాములుగా దరఖాస్తు చెయ్యమని ప్రచారం చేయించింది. 1978లో ఎంపికైన జట్టులో శాలీ రైడ్, గయన్ బ్లూఫర్డ్ ఉన్నారు. 1992లో అంతరిక్షానికి వెళ్లిన మే జెమిసన్ ఊహూరాని చూసి పెరిగింది. 1993లో స్టార్ ట్రెక్ తర్వాతి సీరియల్లో ఒక ఎపిసోడ్‌లో నటించింది కూడా. నాసా మొదటి పరీక్షా షటిల్‌కి 1976లో ఎంటర్‌ప్రైజ్ అని పేరు పెట్టించింది అభిమానుల ఉత్తరాలే. పాపం అది అంతరిక్షానికి వెళ్లలేదు, వాతావరణంలోనే పరీక్షలకి వాడారు.

డెసిబెల్ · మంగళవారం, మధ్యాహ్నం 12:30

తీగలతో ఆడించే బొమ్మల సీరియళ్లు ఏమైనా పెట్టారా? థండర్‌బర్డ్స్ లాంటివి?

రంగులకుంచె · మంగళవారం, మధ్యాహ్నం 1:15

ఒక బొమ్మ ఉంది. తల పెద్దది, ఒళ్లు చిన్నది. ఎందుకలా అని మావాణ్ని అడిగితే తెలియదన్నాడు, అంత పెద్ద అభిమాని! లేబుల్ చదివా. రికార్డు చేసిన సంభాషణకి తగ్గట్టు పెదవి కదిలించే విద్యుత్ పరికరం తలలో ఉంటుంది. అది పట్టాలంటే తల పెద్దది చెయ్యాల్సి వచ్చింది.

పక్కనే చిన్న వీడియో తెర. బొమ్మ రాకెట్టు పేలడం మామూలు వేగంలో ఒకసారి, సీరియల్లో వేసినట్టు ఒకసారి. మొదటిది చూస్తే టపాకాయ. రెండోది చూస్తే ఫ్యాక్టరీ పేలినట్టే ఉంది. అదే మంట, అదే బొమ్మ. కెమెరా వేగంగా తిప్పి, నిదానంగా చూపించారట. ఎంత వేగంగా తిప్పాలో లెక్క ఉందట, అది నాకు ఎక్కలేదు.

పాతటీవీ · మంగళవారం, మధ్యాహ్నం 2:02

లెక్క సులువే. పైనుంచి పడే వస్తువు కింద పడటానికి పట్టే కాలం ఎత్తుకి వర్గమూలం ప్రకారం పెరుగుతుంది. నమూనా అసలుదానికంటే 16 రెట్లు చిన్నదైతే శకలాలు నేలని తాకడానికి 4 రెట్లు తక్కువ సమయం పడుతుంది. కాబట్టి సెకనుకి 24 ఫ్రేములు బదులు 96 తియ్యాలి. 24తో చూపిస్తే బరువైన శకలాలు నింపాదిగా పడినట్టు కనిపిస్తుంది. నీళ్లతోనే చిక్కు. చుక్క సైజు తగ్గించలేం. అందుకే పాత సీరియళ్లలో ఓడ మునిగే దృశ్యాలు చూడగానే తొట్టి అని తెలిసిపోతుంది.

ఇక నా గోడు. ఇన్ని దేశాల ప్రదర్శనలు చూస్తాం, మనవి ఎక్కడ? దూరదర్శన్‌లో స్పేస్ సిటీ సిగ్మా వచ్చింది, ఇంద్రధనుష్ వచ్చింది, 1998లో మిలింద్ సోమన్ వేసిన కెప్టెన్ వ్యోమ్ వచ్చింది. ఆ సూట్లు, ఆ నౌకలు ఎవరి గోదాములో ఉన్నాయి?

అద్దాలబీరువా · మంగళవారం, మధ్యాహ్నం 3:40

దాచుకోకపోవడం మన జబ్బొక్కటే కాదండీ. బీబీసీ వాళ్లు 1960, 70ల్లో వీడియో టేపు ఖరీదని డాక్టర్ హూ ఎపిసోడ్లే చెరిపేసి టేపులు మళ్లీ వాడుకున్నారు. 90కి పైగా ఎపిసోడ్ల బొమ్మ పోయింది. శబ్దం మాత్రం అన్నిటిదీ ఉంది, ఎందుకంటే ఇళ్లలో పిల్లలు టీవీ ముందు మైకు పెట్టి రికార్డు చేసుకున్నారు.

వస్తువులైతే ఇంకా ఘోరం. ఎంటర్‌ప్రైజ్‌కి 11 అడుగులది కాకుండా సుమారు మూడడుగుల నమూనా ఉండేది, సృష్టికర్త జీన్ రాడెన్‌బెర్రీ బల్ల మీద. 1970లలో పోయింది. దశాబ్దాల తర్వాత 2023లో ఇంటర్నెట్ వేలంలో ఎవరో అమ్మకానికి పెడితే బయటపడింది. 2024లో ఆయన కొడుక్కి చేరింది. కాబట్టి పాతటీవీగారూ, ఆశ వదులుకోకండి. పాత స్టూడియోల్లో పనిచేసినవాళ్లు మీకు తెలిస్తే అడిగి చూడండి. అటకల మీద ఏముంటుందో చెప్పలేం. దొరికితే మాత్రం తడిగుడ్డతో తుడవకండి దయచేసి.

ఆదివారంఅమ్మ · మంగళవారం, సాయంత్రం 5:18

మీరంతా ఇంత చెప్పాక నాకే వెళ్లాలనిపిస్తోంది. ఎంతసేపు పడుతుంది? రద్దీ ఎప్పుడు తక్కువ?

నీలిపెట్టె · మంగళవారం, సాయంత్రం 6:35

శనివారం పొద్దున అసలు వద్దు. మేం అప్పుడే వెళ్లి గంటల కొద్దీ లైన్లో ఉన్నాం. ఆదివారం మధ్యాహ్నం తర్వాత రెండోసారి వెళ్తే హాలు సగం ఖాళీ. మామూలుగా చూసేవాళ్లకి రెండు గంటలు చాలు. కుంచె గాడిలాంటివాడు పక్కనుంటే భోజనం సంగతి మర్చిపోండి.

వీపున బ్యాగుతో లోపలికి పంపరు, లాకర్లో పెట్టాలి. పిల్లలకి ముందుగా వేషాలు వేసుకునే గది చూపించండి. అది చివర్లో ఉంది, అక్కడికి చేరేసరికి పెద్దవాళ్లకే ఓపిక ఉండదు. లోపల దుకాణంలో బాబు మొండికేస్తే నా పూచీ లేదు.

రంగులకుంచె · మంగళవారం, రాత్రి 9:50

అమ్మా, బాబుకి ఒక పని అప్పజెప్పండి. ప్రతి వస్తువు దగ్గరా అది ఏ సామాను నుంచి చేశారో కనిపెట్టమనండి. నేను కనిపెట్టినవి: సింకు పంపు, సైకిల్ దీపం అద్దం, గొట్టం బిగించే క్లాంపు, గుడ్ల అట్టలాంటిది ఒకటి గోడకి. అన్నీ చెప్పను, వాడినే వెతకనివ్వండి. పెదవి విరవడం మానేస్తాడు.

ఇంతకీ ఒరేయ్ నీలిపెట్టె, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పలేదు. కొత్తదాన్నుంచి వద్దు. ఆ డాలెక్‌లు మొదటిసారి వచ్చిన కథ ఉందా, అదీ పోయిందా?

నీలిపెట్టె · మంగళవారం, రాత్రి 10:04

ఉంది రా, ఏడు భాగాలూ ఉన్నాయి. శనివారం రాత్రి మా ఇంటికి రా. మధ్యలో ఆపి “ఆ తలుపు వెనక బోల్టు చూడు” అన్నావంటే మాత్రం బయటికి పంపేస్తా.

రంగులకుంచె · మంగళవారం, రాత్రి 10:06

రిమోట్ నా చేతికిస్తేనే వస్తా.

డెసిబెల్ · మంగళవారం, రాత్రి 10:20

స్పీకర్లు నేను తెస్తా, అడ్రస్ మెసేజ్ పెట్టు.